వాట్ల బాబాయి చేతి తూకం

పోయినవారం మా స్టూడియోకి ఒకాయన వచ్చి, ఫోటో ఒకటి బల్ల మీద పెట్టి, "ఈయనకి కోటు వెయ్యాలండి" అన్నాడు.

మాది చిలకలూరిపేటలో ఫోటో స్టూడియో. మా ఆయన పెళ్ళిళ్ళకు వెళ్ళి వీడియోలు తీసుకొస్తాడు, నేను ఇంట్లో కూర్చుని కంప్యూటరు మీద వాటిని కత్తిరించి అతికిస్తాను. మధ్యమధ్య ఫ్లెక్సీలకు డిజైన్లు కూడా చేస్తాం. పోయినవాళ్ళ ఫ్లెక్సీ అంటే మా వైపు ఒక పద్ధతి ఉంది. బతికినన్నాళ్ళూ కోటు మొహం చూడని మనిషికి కూడా కోటూ టై తొడిగి, వెనక మబ్బులు పెట్టి, రెండు పావురాలు వదలాలి. నా దగ్గర అలాంటి కోట్లు పద్నాలుగు రకాలున్నాయి. ఏది వేద్దామా అని ఫోటో దగ్గరికి లాక్కుని చూస్తే, అందులో ఉన్నది వాట్ల బాబాయి.

తెచ్చినాయన బాబాయి అల్లుడు. నిద్రలోనే పోయాడని చెప్పాడు. ఫ్లెక్సీ మీద అచ్చయ్యాక గాని ఆయనకు వేరే పేరుందని ఊళ్ళో సగం మందికి తెలియలేదు. ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్ళు మళ్ళీ ఇంకెవరో అనుకుంటారు.

కోటు తొడిగాను. చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే టెస్టరు ఆ కోటు కిందికి పోయింది. నాకు చచ్చేంత కోపం వచ్చింది. ఎవరి మీదంటే చెప్పలేను. అల్లుడుగారు "టై ఎర్రది పెట్టండి" అన్నాడు. పెట్టాను. ఇప్పుడా ఫ్లెక్సీ మా సందు మొదట్లోనే ఉంది, రోజూ దాని ముందు నుంచే కూరగాయలకు వెళ్తున్నాను. అందులో ఉన్న పెద్దమనిషి ఎవరో నాకు తెలియదు. నాకు తెలిసినాయన గురించి నాలుగు ముక్కలు రాసుకుంటే గాని ఈ కోపం పోయేట్టు లేదు.

ఆయన షాపు పత్తి మిల్లుల వైపు వెళ్ళే దారిలో ఉండేది. మొదట్లో మోటార్లకు వైండింగు కట్టేవాడు. మిల్లు మోటార్లు, బోరు మోటార్లు కాలిపోయి వస్తే, మాడిన తీగ పీకి కొత్త రాగి తీగ చుట్టి ఇచ్చేవాడు. తర్వాత ఊళ్ళోకి కంప్యూటర్లు వచ్చాయి. "ఇయ్యి కూడా కరెంటు తాగేయే గదా" అని వాటి మీదా చెయ్యి వేశాడు. షాపులో ఒక పక్క మోటార్లు, ఇంకో పక్క కంప్యూటర్లు, మొత్తానికి కలిపి ఒకటే వార్నీషు వాసన. ఆయన రిపేరు చేసిన కంప్యూటరు ఇంటికి తెచ్చుకుంటే వారం రోజుల పాటు ఇంట్లో మోటారు ఉన్నట్టే ఉండేది.

ఏ వస్తువు చేతికిచ్చినా ముందు ఎడమ అరచేతిలో పెట్టుకునేవాడు. కళ్ళు మూసుకునేవాడు. రెండుసార్లు పైకీ కిందికీ ఆడించేవాడు. అప్పుడు తీర్పు. వైండింగు పనిలో వచ్చిన అలవాటది. మంచి మోటారులో రాగి ఉంటుంది, బరువు తూగుతుంది. మోసం మోటారులో అల్యూమినియం ఉంటుంది, తేలిపోతుంది. "రాగి అబద్ధం ఆడదమ్మాయ్" అనేవాడు. అక్కడితో ఆగితే బాగుండేది. మా ఆయన ఎంతో ముచ్చటపడి ఒక పెళ్ళి ఆల్బమ్ చూపించబోతే, తెరవకుండానే అరచేతిలో తూచి, "మంచి కాయితం వాడారు" అని తిరిగిచ్చేశాడు. ఎవరింట్లోనో బారసాలకు వెళ్ళి పసిపిల్లని అదే పద్ధతిలో రెండుసార్లు ఆడించి, "మూడు కిలోల రొండొందలు" అన్నాడు. ఆ పిల్ల తల్లి మూడు నెలలు ఆయనతో మాట్లాడలేదు. బరువు మాత్రం సరిగ్గా అంతే ఉందట.

మనుషుల్ని కూడా కరెంటు లెక్కలోనే చూసేవాడు. ఊరంతా వాట్ల బాబాయి అనేది అందుకే. ఎవరి పేరెత్తినా, "ఎంత లాగుతాడు?" అని అడిగేవాడు. కూతురి పెళ్ళి చేసిన కొత్తలో, అల్లుడు ఎలాంటివాడని మా అత్తగారు అడిగారు.

"మోటారు లాంటోడు వదినగారూ. స్టార్టింగులో బాగా లాగుతాడు, రన్నింగులో పడ్డాక తగ్గుతాడు. ఆ స్టార్టింగుకి మనం తట్టుకోవాల, అంతే" అన్నాడు.

కోటు అడిగిన అల్లుడు ఆయనే. రన్నింగులో పడినట్టే ఉన్నాడు, టై ఒక్కటే మార్పించాడు.

వీటన్నిటికంటే జనాన్ని ఎక్కువ విసిగించింది పన్నెండో ఎక్కం. కంప్యూటరు పనిమీద ఎవరొచ్చినా ముందు పన్నెండో ఎక్కం అప్పజెప్పాలి. చెబితేనే స్క్రూడ్రైవరు తీసేవాడు. ఒక బ్యాంకు మేనేజరుగారిని కూడా కౌంటరు ముందు నిలబెట్టాడనీ, ఆయన పన్నెండు ఏడుల దగ్గర తడబడితే "మళ్ళా మొదట్నించీ" అన్నాడనీ చెప్పుకుంటారు. ఎందుకు చెప్పిస్తున్నాడో అడిగే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. నాకూ లేదు. తెలుసుకోవాల్సిన రోజు వచ్చేదాకా తెలుసుకోలేదు.

ఆ రోజు ఇలా వచ్చింది. మా కంప్యూటరు ఒక ఇంటర్నెట్ సెంటరు మూసేస్తుంటే కొన్నది, మా కాపురం కంటే పాతది. మా ఆయనేమో కొత్త కెమెరా కొన్నాడు. దాని బొమ్మలు పెద్దవి, మా కంప్యూటరు గొంతు చిన్నది. తెర మీద పెళ్ళికూతురు తల తిప్పడం మొదలుపెడితే, నేను వంటింట్లోకి వెళ్ళి పప్పుకి పోపు పెట్టి వచ్చేసరికి తిప్పడం పూర్తయ్యేది.

సరిగ్గా అప్పుడే మాకో పెద్ద పని వచ్చింది. మిరపకాయల వ్యాపారి ఒకాయన, మిర్చి యార్డులో పేరున్న మనిషి. వాళ్ళమ్మాయి రిసెప్షను ఆదివారం. స్టేజి మీద పెద్ద తెర కట్టి, పెళ్ళికి ముందు తీసిన పాటల వీడియో వెయ్యాలి. ఇలాంటి పనులన్నీ గుంటూరు స్టూడియోలకు పోతాయి, మా దాకా రావడం అదే మొదలు. "ఆదివారం సాయంత్రం ఏడింటికి తెర మీద బొమ్మ పడాల. పడకపోతే ఈ చుట్టుపక్కల ఇంకో పెళ్ళి మీకు రాదు" అన్నాడు వ్యాపారిగారు, నవ్వుతూనే. నవ్వుతూ చెప్పేవాళ్ళంటే నాకు భయం.

మా ఆయన విజయవాడలో ఎవరో వాడి అమ్మేసిన గ్రాఫిక్స్ కార్డు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇది వేస్తే మన కంప్యూటరుకి రెక్కలొస్తాయి" అని చెప్పి, ఇంకో పెళ్ళి ఉందని పర్చూరు వెళ్ళిపోయాడు. ఎలా వెయ్యాలో చెప్పలేదు. సోమవారం పొద్దున్నే నేను సీపీయూని స్కూటీ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని బాబాయి షాపుకి వెళ్ళాను.

కార్డు చూడగానే అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "అరకిలో పైమాటే. ఎంత లాగిద్దంట ఇది?"

"నూట ఇరవై వాట్లని డబ్బా మీద ఉంది బాబాయ్. త్వరగా పెట్టివ్వండి, పనుంది."

"పెట్టేదానికి స్క్రూడ్రైవరు చాలు. నడిచేదానికి లెక్క గావాల. పన్నెండో ఎక్కం చెప్పు."

"నాకు ఆదివారం రిసెప్షనుంది బాబాయ్."

"ఆదివారం దాకా టైముందిగా. చెప్పు."

చెప్పాను. పక్కనే బోరు మోటారు కోసం కూర్చున్న ఇద్దరు రైతులు శ్రద్ధగా విన్నారు. పన్నెండు తొమ్మిదుల దగ్గర వాళ్ళలో ఒకాయన అందించాడు కూడా. అప్పుడు బాబాయి సీపీయూ విప్పి, లోపల మూలనున్న ఇనప డబ్బా చూపించాడు. గోడ నుంచి వచ్చిన కరెంటుని లోపల అందరికీ పంచిపెట్టేది ఆ డబ్బానే. షాపుల్లో ఎస్‌ఎంపీఎస్ అంటారు, బాబాయి సప్లై డబ్బా అనేవాడు. దాని స్టిక్కరు మీద పెద్దక్షరాలతో నాలుగొందల యాభై అని ఉంది.

"నాలుగొందల యాభై ఉందిగా. కార్డుకి కావాల్సింది నూట ఇరవయ్యే" అన్నాను గెలిచినట్టు.

"శుభలేఖ మీద ఎంతమంది పేర్లేస్తారు? వాళ్ళంతా పెళ్ళిలో పని చేస్తారా? పైన పెద్దక్షరాలు శుభలేఖ. పని చేసేదెవరో కింద చిన్నక్షరాల్లో ఉంటది" అని స్టిక్కరు చివర వేలు పెట్టాడు. అక్కడ పన్నెండు వోల్టుల లైను అని ఒక గడి, దాని కింద పదహారు ఆంపియర్లు. "కార్డూ, ప్రాసెసరూ రెండూ ఈ పన్నెండు వోల్టుల కాడే తింటాయి. వోల్టుల్ని ఆంపియర్లతో హెచ్చేస్తే వాట్లు. ఇప్పుడు చెప్పు. పన్నెండు పదహార్లు?"

ఎక్కం పదితో ఆగిపోయిందని చెప్పుకోవడానికి సిగ్గేసి, వేళ్ళు మడిచి లెక్కేశాను. నూట తొంభై రెండు.

"అదీ నీ డబ్బా సత్తా. అదైనా కొత్తల్లో. ఇప్పుడు దీనికి వయసయింది, ఇంకో ఇరవై తీసెయ్యి. కార్డు నూట ఇరవై, ప్రాసెసరు తొంభై, డిస్కులూ ఫ్యాన్లూ ఇంకో ముప్పై. రొండొందల నలభై. మజ్జలో కార్డు ఉన్నట్టుండి ఎగిరి ఇంకాస్త లాగిద్ది. రొండొందల నలభై మందిని భోజనాలకి పిలిచి నూట డెబ్భై మందికి వండితే ఏమయిద్ది?"

"ఆఖరి పంక్తి వాళ్ళు మనల్ని తింటారు" అన్నాడు రైతు.

"అదీ" అన్నాడు బాబాయి. పైగా కార్డుకి విడిగా ఆరు రంధ్రాల తీగ ఒకటి తగిలించాలట, మా డబ్బాకి అలాంటి తీగే లేదట. మూడొందల పైన నిజంగా ఇచ్చే డబ్బా గుంటూరు నుంచి బుధవారం వస్తుంది, అప్పటిదాకా కార్డు పెట్టనన్నాడు. నేను బతిమాలాను. కోప్పడ్డాను. పక్క షాపులో అయితే పది నిమిషాల్లో అయిపోతుందన్నాను. ఆయన కార్డుని మళ్ళీ ఒకసారి తూచి నా చేతికిచ్చేశాడు.

అన్నంత పనీ చేశాను. బైపాసు పక్కనున్న అద్దాల షాపుకి వెళ్ళాను. అక్కడ ఎక్కమూ లేదు, లెక్కా లేదు. డిస్కులకు వెళ్ళే తీగలు రెండు పట్టుకుని, వాటిని ఒకటిగా కలిపే కన్వర్టరు ముక్క పెట్టి కార్డుకి తగిలించారు. నిజంగానే పది నిమిషాలు. ఇంటికొచ్చి చూస్తే పెళ్ళికూతురు తల గిర్రున తిప్పింది. పాపం బాబాయి, పాతకాలం మనిషి అనుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం దాకా బాగానే ఉంది. ఏ ముక్కకా ముక్క కత్తిరించాను. అప్పుడు అన్నీ కలిపి ఒకే వీడియోగా తయారు చెయ్యమని నొక్కాను. అదే కంప్యూటరుకి అసలు పని, అప్పుడే కార్డు పూర్తిగా లాగుతుంది. నలభై ఒక్క శాతం దగ్గర టిక్కుమని శబ్దం వచ్చి, తెర నల్లబడింది. వంటింట్లోంచి మా అత్తగారు, "అమ్మాయ్, ఏదో మాడతన్నట్టుంది, చూడు" అన్నారు.

మళ్ళీ స్కూటీ, మళ్ళీ కాళ్ళ మధ్య సీపీయూ. బుధవారం పొద్దున బాబాయి ముందు నిలబడి, మొహం మామూలుగా పెట్టుకుని, "కంప్యూటరు ఎందుకో ఊరికే ఆన్ అవడం లేదు బాబాయ్, మేమేం చెయ్యలేదు" అన్నాను.

ఆయన ముక్కు దగ్గరికి పెట్టి వాసన చూశాడు. మూత విప్పాడు. నేను దాచాననుకుని సొరుగులో పడేసిన కన్వర్టరు ముక్క ఇంట్లోనే ఉంది గాని, అది తగిలిన చోట తీగ గోధుమరంగుకి తిరిగింది. ఆయన తిట్టలేదు.

"అబద్ధం ఆడేటప్పుడు వాసన పొయ్యిందాకా ఆగాల అమ్మాయ్" అన్నాడు, అంతే. సిగ్గుతో నాకు నవ్వొచ్చింది. కార్డుని తన కంప్యూటరుకి పెట్టి చూసి, దానికేం కాలేదన్నాడు. ప్రాణం లేచొచ్చింది.

అప్పటికి గుంటూరు నుంచి మూడు సప్లై డబ్బాలు వచ్చి ఉన్నాయి. బాబాయి కౌంటరు తుడిచి, మూడూ వరసగా పెట్టి, మొదటిది అరచేతిలోకి తీసుకున్నాడు. "ఇందులో గాలుంది." రెండోది తీసుకున్నాడు. "ఇది ఉత్తరాలు టైపు చేసుకునేవాళ్ళకి సరిపోయిద్ది." మూడోది పెట్టుకోగానే చెయ్యి కిందికి జారింది. కళ్ళు తెరవకుండానే నవ్వాడు. "ఇదీ. ఇందులో రాగుంది." స్టిక్కరు చూస్తే పన్నెండు వోల్టుల లైను కింద ముప్పై ఎనిమిది ఆంపియర్లు. నాలుగొందల యాభై ఆరు వాట్లు, చేత్తో లెక్కేశాను. కాగితమూ బరువూ ఒకే మాట చెబుతున్నాయి. ఇంక అనుమానం దేనికి?

"నాదీ పూచీ. ఆదివారం తెర ఆరితే నన్నడుగు" అన్నాడు.

బుధ, గురువారాలు అది బంగారంలా పనిచేసింది. పాడైన పాటలన్నీ మళ్ళీ అతికించాను. శుక్రవారం మధ్యాహ్నం అన్నీ కలిపి మళ్ళీ నొక్కాను. ఈసారి అరవై మూడు శాతం దాకా వెళ్ళింది. తర్వాత బుస్సుమంది.

ఫోను చేసిన పావుగంటకి బాబాయి మోపెడ్ మీద వచ్చాడు. మా భోజనాల బల్ల మీద పేపరు పరిచి, ఆ డబ్బా నాలుగు స్క్రూలూ విప్పాడు. నేనూ మా అత్తగారూ చెరో పక్క నిలబడి చూస్తున్నాం. లోపల చిన్న బోర్డు ఒకటి, రెండు పలచటి తీగచుట్టలు. ఆ బోర్డు పక్కన అడుగున, జిగురుతో అంటించి, చక్కగా పలకలా పోత పోసిన సిమెంటు ముద్ద.

బాబాయి ఆ ముద్దని పీకాడు. ఎడమ అరచేతిలో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని రెండుసార్లు ఆడించాడు, అలవాటు ఎక్కడికి పోతుంది. "ముప్పాతిక కిలో" అన్నాడు.

"మిగిలిన సిమెంటుంటే గోడకి పూసుకుంటారు గానీ కంప్యూటర్లో పెట్టడమేంది అన్నయ్యగారూ" అన్నారు మా అత్తగారు.

"బరువు కోసం వదినగారూ. చేత్తో తూచి కొనే నా బోటి తెలివైనోళ్ళ కోసం." తన చేతిని ఇంకెవరిదో అన్నట్టు తిప్పి చూసుకున్నాడు. "నలభై ఏళ్ళ చెయ్యి ఇది."

ఆయన్ని నాలుగు మాటలు అడగాలని గొంతు దాకా వచ్చింది. రెండు రోజులే ఉన్నాయి, పూచీ నాదన్నది ఆయనే. కానీ ఆ మొహం చూశాక అడగలేకపోయాను. మంచినీళ్ళిచ్చాను. తాగలేదు, వెళ్ళిపోయాడు.

ముప్పావుగంటలో ఇంకో డబ్బాతో వచ్చాడు. దుమ్ముపట్టి ఉంది. తన షాపు కంప్యూటరులోంచి పీక్కొచ్చిన సొంత డబ్బా అది. ఈసారి తూచలేదు. నా ముందు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వే చూడు. నేనేం చెప్పను. విప్పి లోపల చూడు, చిన్నక్షరాలు చూడు, లెక్కెయ్యి."

లోపల తీగచుట్టలు బొద్దుగా ఉన్నాయి. పన్నెండు వోల్టుల లైను ముప్పై ఆంపియర్లు. మూడొందల అరవై. మాకు కావాల్సింది రెండొందల నలభై, ఎగిరి లాగినా చాలుతుంది. విచిత్రం ఏమిటంటే సిమెంటు డబ్బా కంటే ఇది తేలిక. బిగించాక కంప్యూటరు బుద్ధిగా లేచింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆయన మాత్రం కండువా దులిపి భుజాన వేసుకుని, సిమెంటు ముద్దనీ కాలిపోయిన డబ్బానీ పేపర్లో చుట్టాడు.

"పద, పెళ్ళివారికి చెప్పొద్దాం" అన్నాడు.

"ఏం చెప్పాలి బాబాయ్?"

"వీడియో ఆలీసమైతే తప్పు నాదీ, నీది గాదనీ."

వ్యాపారిగారికి ఈ సంగతి తెలిస్తే ఆ నిమిషమే గుంటూరు స్టూడియోకి ఫోను చేస్తాడు. చెప్పొద్దని ఎన్ని రకాలుగా చెప్పినా వినలేదు. మోపెడ్ మీద ఆయన ముందు, స్కూటీ మీద నేను వెనక. వ్యాపారిగారు కోల్డ్ స్టోరేజీ దగ్గర బస్తాల మధ్య కుర్చీ వేసుకుని ఉన్నాడు. గాలి పీలిస్తేనే ముక్కు మండుతోంది. బాబాయి తుమ్ముతూ తుమ్ముతూ మొత్తం చెప్పాడు. కార్డు, పన్నెండో ఎక్కం, శుభలేఖ, మూడు డబ్బాలు, అన్నీ. నా అబద్ధం ఒక్కటీ వదిలేశాడు. చివర సిమెంటు ముద్ద తీసి ఆయన ఒళ్ళో పెట్టాడు.

వ్యాపారిగారు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "బరువు చూసి కొన్నావా?" అన్నాడు.

"చూసే కొన్నానండి."

"ఏ ఊరు మనది?"

"ఈ ఊరేనండి."

"ఈ ఊళ్ళో పుట్టి బరువుని నమ్మావా? మా కాడికి కాయలు నీళ్ళు చల్లి తెస్తారు, తూకం పెరగాలని. అందుకని మేం బరువు చూడం. తొడిమ పట్టుకుని చెవి కాడ ఆడిస్తాం. గింజ గలగలలాడాల. అప్పుడు అది ఎండిన కాయ." పేపర్లో ఉన్న కాలిపోయిన డబ్బాని కూడా తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. "చూడు, చప్పుడే లేదు. తడి సరుకు."

సప్లై డబ్బాలో ఏదైనా గలగలలాడితే అది పాడైనట్టని వాళ్ళిద్దరికీ చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. బాబాయి గొప్ప రహస్యం తెలిసినట్టు తల ఊపుతున్నాడు.

వ్యాపారిగారు నా వైపు తిరిగాడు. ఇంక అయిపోయింది అనుకున్నాను. "నా కాడికి వచ్చి సరుకులో మోసముందని సొంతంగా చెప్పినోడిని ఇన్నేళ్ళలో ఈయన్నే చూశా. ఇంకో అరగంట ఇస్తన్నా. ఏడున్నర. ఆ తర్వాత తెర నల్లగా ఉంటే మాత్రం నేను మనిషిని గాను" అన్నాడు.

శనివారం పొద్దున్నే బాబాయి షాపు మూసేసి మా ఇంటికొచ్చాడు. కుర్చీ సీపీయూ పక్కన వేసుకుని, దాని మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. జ్వరం వచ్చిన మనిషి పక్కన కూర్చున్నట్టే ఉంది. నేను పాటలు సరిచేస్తుంటే తెర వైపు చూడనైనా చూడలేదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ సిమెంటు కథ మొదటినుంచీ చెప్పాడు. పాలాయనకి చెప్పాడు. గ్యాసు బండ తెచ్చినతనికి చెప్పి, ఖాళీ బండని ఆడించి చూపించాడు. సాయంత్రానికి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. నాకు తలకొట్టేసినట్టుంది గాని, ఆయన చెప్పేకొద్దీ తేలికపడుతున్నాడు. మా అత్తగారు పెట్టిన పెసరట్లు నాలుగు తిని, "ఇంక నా డబ్బా లాగదు వదినగారూ" అన్నాడు, మొదటిసారి నవ్వి.

ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ నొక్కాను. నలభై ఒకటి దాటింది. అరవై మూడు దగ్గర బాబాయి కళ్ళు మూసుకున్నాడు. దాటింది. వంద అయ్యేసరికి ఆరుంబావు. పెన్‌డ్రైవులోకి ఎక్కించబోతే గంట పడుతుందని చూపించింది. ఇంక ఆలోచించే టైము లేదు, సీపీయూనే తీసుకుపోదామన్నాను. ఆటో ఎక్కాం. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాడు. హైవే మీద పత్తి లారీలు, గతుకులు. ప్రతి గతుక్కీ డ్రైవరుని "ఎంత లాగుతున్నావయ్యా" అని తిట్టాడు.

ఏడూ ఇరవై ఎనిమిదికి తెర మీద బొమ్మ పడింది.

పొద్దుతిరుగుడు చేలో అమ్మాయి తల తిప్పి నవ్వింది, ఎక్కడా ఆగకుండా. చిన్నప్పటి ఫోటోలు వచ్చేసరికి వ్యాపారిగారు కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను స్టేజి పక్కనుంచి బాబాయి కోసం చూశాను. తెరకి వీపు పెట్టి, ఒక స్టూలు మీద ఉన్న సీపీయూ ముందు వంగి, వెనక ఫ్యానుని చూస్తూ నిలబడి ఉన్నాడు. పన్నెండు నిమిషాల వీడియోలో ఒక్క బొమ్మ కూడా చూడలేదు.

అయిపోయాక హాలు దద్దరిల్లేట్టు చప్పట్లు కొట్టారు. బాబాయి ఉలిక్కిపడి ఇటు తిరిగాడు. అంతమంది తన వైపే చూస్తూ చప్పట్లు కొడుతుంటే ముందు కంగారుపడ్డాడు. తర్వాత ఒక చెయ్యి సీపీయూ మీద వేసి, రెండో చెయ్యి గుండెకి తాకించుకుని, మెల్లగా తల వంచి అందరికీ దణ్ణం పెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ ఆటో ఎక్కాం. ఆయన ఒళ్ళో ఉన్న సీపీయూ మీద తాళం వేస్తూ అడిగాడు.

"అంతమంది చప్పట్లు కొట్టారే. సప్లై మార్చినట్టు వాళ్ళందరికీ ఎట్టా తెలిసింది అమ్మాయ్?"

ఆయన మొహం చూశాను. వేళాకోళం కాదు, నిజంగానే అడుగుతున్నాడు. నాకు ఆ వారం మొత్తంలో అంత ప్రేమ ఎవరి మీదా కలగలేదు.

"ఊరందరికీ మీరే చెప్పారుగా బాబాయ్" అన్నాను.

"అవునవును, చెప్పా" అని తృప్తిగా వెనక్కి ఆనుకున్నాడు.